పదకొండు గడులు

మెత్తటి గుడ్డతో తెర తుడిచి, ఆమె రోజూలాగే మానిటర్ మీటలు నొక్కింది. బ్రైట్‌నెస్ తొంభై మీద ఉంది. నలభైకి దించింది. కాంట్రాస్ట్ డెబ్బైకి తెచ్చింది. మానిటర్ అంచుకు అంటించిన చీటీలో ఆ అంకెలు వేసింది నాన్నే. ఇప్పుడు రోజూ వాటిని దాటేస్తున్నదీ నాన్నే.

తెర వెలుగు పెంచితే ఫొటో కాంతిగా కనిపిస్తుంది. అది చాలనుకుని వదిలేస్తే, కాగితం మీద చీకటిగా వస్తుంది. ఈ పాఠం ఆమెకు నేర్పింది ఆయనే. ఏడాదిగా, ఆయన దిద్దిన ఫొటోలన్నీ ఆయన భోజనానికి లేచాక ఆమె చాటుగా మళ్లీ దిద్దుతోంది. పోయిన వారం ఒళ్లు వెచ్చబడి పడుకుంది. ఆ ఒక్క రోజు ఫొటోలు అలాగే అచ్చుకు వెళ్లిపోయాయి.

నాన్న ఆల్బమ్ చంకన పెట్టుకుని వచ్చాడు.

"పెళ్లివాళ్లు తిప్పి పంపారు. పెళ్లికొడుకు కోటూ వెనకున్న నల్ల పరదా కలిసిపోయాయట. తలకాయొక్కటే గాల్లో తేలుతోందని నవ్వారు. ఈ మానిటర్ డబ్బా ముసలిదైపోయిందమ్మా."

"డబ్బా ఒక్కటేనా," అంది అమ్మ వంటింట్లోంచి. "ఆడలేక మద్దెల ఓడన్నారట."

"నీకేం తెలుసు, ఊరుకో."

ఆయన కూర్చుని, నలుపు నుంచి తెలుపు దాకా గడులున్న పట్టీని తెర మీద తెరిచాడు. తెర సరిగ్గా ఉంటే పదకొండూ విడివిడిగా కనబడాలి. వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"ఎనిమిది. చూశావా, నల్లవన్నీ ముద్దయిపోయాయి. నువ్వు చెప్పు, ఎన్ని?"

ఎనిమిదే అంటే ఈ పూట గడిచిపోతుంది. రేపు మళ్లీ మీటలు, మళ్లీ చాటుమాటు దిద్దుబాటు. ఆమెకు ఓపిక లేకపోయింది.

"పదకొండు నాన్నా."

"సరిగ్గా చూడు."

"పదకొండే."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. ఆయన చెయ్యి మీట దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. మానిటర్ కాస్త ఎత్తి, అది ఊగకుండా కింద తనే మడిచిపెట్టిన కాగితం లాగాడు. నిరుడు కంటి డాక్టరు రాసిచ్చిన చీటీ అది. మానిటర్ ఒక పక్కకు ఒరిగింది.

"ఏమీ తినలేదు, ఎక్కడికి?" ఆయన లేవడం చూసి అమ్మ గుమ్మంలోకి వచ్చింది.

ఆయన చీటీ జేబులో పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.