గేటు దాటిన చక్రాలు

నేను ఒక చక్రాల కుర్చీని. ఇనుప గొట్టాలు వంచి, నల్ల రెగ్జిన్ తొడిగి, నడవలేనివాళ్లకు కాళ్లవుతావని చెప్పి నన్ను లారీ ఎక్కించారు. జగిత్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రి మెట్ల దగ్గర దించారు. మొదట్లో గర్వంగానే ఉండేది. తర్వాత తెలిసింది నా పని. ఎంత వేగంగా రోగిని లోపలికి తీసుకెళ్తానో, కౌంటర్ దగ్గర మాట కుదరకపోతే అంతే వేగంగా బయటికీ తీసుకురావాలి.

నన్ను తోసే అటెండర్ పేరు ఓదెలు. "గేటు దాకనే మన డ్యూటీ" అని గొణుక్కునేవాడు. అక్కడ మనిషిని దింపి, వెనక్కి చూడకుండా వచ్చేసేవాడు. నేనూ ఖాళీగా, తేలిగ్గా దొర్లుకుంటూ వచ్చేదాన్ని. ఆ తేలికదనం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒక మధ్యాహ్నం బీడీలు చుట్టే లింగవ్వను ఆటోవాడు తెచ్చి నాలో కూర్చోబెట్టి వెళ్లిపోయాడు. బస్సు దిగుతూ జారిపడితే మోకాలి కింద ఎముక విరిగింది. కౌంటర్లో అమ్మాయి ఆమె ఆరోగ్య కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది.

"కార్డు మంచిదే అవ్వా. కానీ ఈ ఆపరేషన్ మా దగ్గర దీని కింద రాదు."

లింగవ్వ వాదించలేదు. తప్పు చేసి దొరికిపోయినట్టు కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"జల్ది తోలు బిడ్డా. మా వాడకట్టోళ్లు ఎవలన్న సూస్తే ఇజ్జత్ పోతది."

ఓదెలు నన్ను గేటు వైపు తిప్పాడు. "నువ్వేం దొంగతనం జేసినవే అవ్వా?"

"ఉత్త చేతులతోటి పెద్ద దవాఖానకొచ్చిన గద."

గేటు వచ్చింది. ఓదెలు ఆగలేదు. ఆటోలో మళ్లీ కాలు మడిస్తే ఆమె ఎంత అరుస్తుందో వాడికి తెలుసు.

"అరే, కుర్చీ ఏడికి తీస్కపోతున్నవ్?" వాచ్‌మన్ కేకేశాడు.

"సర్కారు దవాఖానకు."

కంకర రోడ్డు మీద నా చక్రాలు మొదటిసారి తిరిగాయి. గుంత వచ్చినప్పుడల్లా ఓదెలు ముందుకొచ్చి తన తువ్వాలుతో కట్టిన ఆమె కాలిని పట్టుకునేవాడు. కూరగాయల బజారులో జనం తప్పుకుని దారిచ్చారు. ఎవరూ నవ్వలేదు.

సర్కారు దవాఖాన స్వర్గమేమీ కాదు. వరండా నిండా జనం, మంచానికి ఇద్దరు. కానీ నర్సు రాగానే "ఎట్ల పడ్డవమ్మా?" అని అడిగింది. కార్డు సంగతి ఎత్తలేదు. ఆలస్యమైనా ఆపరేషన్ జరిగింది.

చదువుకున్నవాళ్లు నాలో కూర్చుని ఆరోగ్య పథకాల గురించి చాలా వాదించుకోగా విన్నాను. ఎవరికి వర్తించాలి, ఎవరికి వద్దు, ఏ రోగం లోపల, ఏది బయట అని. ఎముక విరగడానికి ఎవరి అర్హతా చూడదు. అతకడానికి మాత్రం ఎందుకు చూడాలి? అందరికీ అందేటట్టు చేయడానికి డబ్బు చాలదంటారు. ఏమో, లెక్కలు నాకు రావు. కొంగు చాటున దాక్కున్న ముఖాలను మోసిన బరువు తెలుసు.

కుర్చీ ఎత్తుకుపోయాడని ఓదెలును పనిలోంచి తీసేశారు. వాడు నన్ను తెచ్చి అప్పజెప్పి, పక్కకు పోయిన చక్రాన్ని కాలితో తన్ని సరిచేసి వెళ్లిపోయాడు. ఇప్పుడు ఇంకొకతను తోస్తున్నాడు. మళ్లీ గేటు దాకానే.

వానలు తగ్గాక లింగవ్వ వచ్చింది. కొంచెం కుంటుతోంది గానీ తన కాళ్ల మీదే వచ్చింది. చేతిలో కాగితంలో చుట్టిన సకినాలు.

"ఓదెలు ఉన్నడా బిడ్డా?" అని వాచ్‌మన్‌ను అడిగింది.

"పనిలకెల్లి తీసేసిండ్రు. నిన్ను తీస్కపోయిన దినమే."

"నా కాలు మంచిగాయె. ఆ పిలగాని నౌకరి పాయె" అంది, తనే తీసేసినట్టు. సకినాలు వాచ్‌మన్ చేతిలో పెట్టబోయి, మళ్లీ గుండెకు హత్తుకుని, తలదించుకుని బజారు వైపు నడిచింది.