చెవితో ఎగరేసిన విమానం

రంపపు మిల్లులో రెండు గంటల కూత వినిపించేసరికి ఓట్మార్ ఆఖరి రంపానికి సానబెట్టి, గోటితో మీటి విన్నాడు. సరిగ్గా పలికింది. ముప్పై ఎనిమిదేళ్ళుగా అదే పని, అదే మూల. మిల్లులో సగం మందికి అతని పేరు కూడా తెలియదు. సాసేజి పెట్టిన రై రొట్టె నములుతూ, ఎప్పటిలాగే కొండెక్కాడు.

రోన్ కొండ మీద మాత్రం అతనికి పేరుంది. మూడు మీటర్ల రెక్కల, ఇంజన్ లేని బొమ్మ గ్లైడర్‌ని లోయలోకి విసిరి, నల్ల కళ్ళద్దాలు సర్దుకుని, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాడు. గ్లైడర్ పొట్టలో వేరియోమీటర్ ఉంటుంది. విమానం పైకి లేస్తే అది కిచకిచమంటుంది, కిందికి దిగితే మూలుగుతుంది. ఓట్మార్ ఇప్పుడు ఎగరేస్తున్నది ఆ చప్పుడుతోనే. దూరం పోయిన విమానం అతని కంటికి ఆనడం మానేసి ఐదు నెలలైంది. తెలిస్తే కొండ మీది గ్లైడర్ క్లబ్బువాళ్ళు ఆ రోజే ఆపేస్తారు. ఈ కొండ తప్ప అతనికి వేరే ఏముంది? కానీ కింద బాటలో నడిచేవాళ్ళ నెత్తిన పడితే? ఆ ఆలోచన వస్తే తిండి సయించదు.

కిచకిచ మొదలైంది. పైకి లేపే గాలి దొరికిందని సంబరపడి అక్కడే చుట్లు తిప్పాడు. రెండో చుట్టుకే మూలుగు. వేగంగా పోయే విమానాన్ని రిమోట్‌తో పైకి లాగితే క్షణంపాటు ఎలాగూ లేస్తుంది, పరికరమూ కూస్తుంది. అది గాలి చలవ కాదు, చెయ్యి చేసిన మాయ. దాన్ని నమ్మిన కొత్తవాళ్ళని ‘చేతిగాలి’ అని ఇరవై ఏళ్ళుగా ఏడిపించింది ఇతనే. శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది.

"చేతిగాలి పట్టావా, ముసలోడా?" అడిగింది హెడ్విగ్. కొండ మీద క్లబ్బు పెత్తనమంతా ఆమెదే. నవ్వబోయి ఆగింది. "అటు చూస్తావేంటి? నీది ఇటుంది, అడివి మీద!"

ఓట్మార్ మొహం అడివి వైపు తిప్పి గాల్లో వెతికాడు.

"కనబట్టంలేదా?"

"లేదు."

ఆమె వెనకాల నిలబడి అతని భుజాలు పట్టుకుంది. "కుడికి. ఇంకాస్త. చాలు, తిన్నగా రానీ. దించు, దించు." గడ్డి మీద విమానం పొట్ట జారిన చప్పుడు వినిపించింది. ఎవరికీ ఏమీ కాలేదు.

"ఎన్నాళ్ళయింది?"

"వసంతం నుంచీ. నయం కాదన్నాడు డాక్టరు."

"నాకు చెప్పి చావొచ్చుగా!"

"చెప్తే ఎగరనిస్తావా?"

"ఎగరనివ్వను."

ఆ ఒక్క మాటకి తనకి ఏడుపొస్తుందనుకున్నాడు. రాలేదు. ఐదు నెలల బరువు నెత్తిమీంచి దిగిపోయింది, హాయిగా నవ్వొచ్చింది. రిమోట్ ఆమె చేతిలో పెట్టాడు. "ఇక నువ్వే ఎగరెయ్. ముక్కు కొంచెం బరువు, జాగ్రత్త," అని చెప్పి, ఖాళీ చేతులతో దిగువకి నడిచాడు. దారిలో భరతపక్షి కూస్తుంటే ఆగి, తీరిగ్గా విన్నాడు. మళ్ళీ కొండెక్కలేదు.

ఎటు చూస్తున్నాడో ఎవరూ పసిగట్టకూడదని అన్నాళ్ళూ కొండ మీద పెట్టుకున్న నల్ల కళ్ళద్దాలు ఇంట్లో బల్ల మీదే ఉండిపోయాయి; ఎడమ అద్దం మీద ఒక చీమ మెల్లగా పాకుతోంది.