లేని బడి దగ్గర ఎడమకు

నెల ముందే కారిన్‌కు నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రి రెండు కౌంటీల అవతల. దారులన్నీ బురద. కొత్తగా వచ్చిన నర్సు డెనీస్ కారులో బయలుదేరింది గానీ, పశువులూ గడ్డీ తప్ప ఏమీ లేని చోట ఆమె ఫోన్లోని పటం చేతులెత్తేసింది. ఆమె ఇంటికి ఫోన్ చేస్తే కారిన్ తల్లి వెర్నా అందుకుంది.

"బడి దగ్గర ఎడమకు తిరుగమ్మా."

"ఇక్కడ బడేం లేదండీ."

"ఎందుకుంటుంది? పడగొట్టి ముప్పయ్యేళ్లయింది. అది ఉండిన చోట తిరుగు."

"లేనిది నాకెలా కనిపిస్తుందండీ?"

వెర్నా మిగతా దారీ అలాగే చెప్పుకుపోయింది. బడి తర్వాత చర్చి, చర్చి తర్వాత లిండ్‌గ్రెన్ గొడ్లచావిడి. మూడు మలుపులు, మూడుచోట్లా గడ్డే. జనం పల్చబడ్డారు, కట్టడాలు పోయాయి. అయినా దారి చెప్పడంలో మాత్రం ఎవరూ వాటిని వదులుకోలేదు.

"అమ్మా, నాకు చావిళ్ల కథలొద్దు, నర్సు కావాలి," అంది లోపలి గదిలోంచి కారిన్, పళ్లు బిగించి.

వెర్నా గోడకున్న వైర్‌లెస్ రేడియో అందుకుంది. ఆ చుట్టుపక్కల బండ్లన్నిటిలో అలాంటిదే ఉంటుంది.

"మర్లూ, నీ బండి తీసుకెళ్లి బడి దగ్గర నిలబడు."

"ఇన్నేళ్లకు నన్ను బళ్లో వేస్తున్నావా వదినా?" అన్నాడు మరిది. ఏ బడి అని మాత్రం అడగలేదు.

"చర్చికి నేను పోతాను," అంది పక్క పొలం గుడ్రున్, తన బండి రేడియోలోంచి. "ఎటూ ఆదివారాలు ఎగ్గొట్టిన బాకీ ఉంది."

"నా చావిడి దగ్గరికి ఇంకెవడు పోతాడు, నేనే," అన్నాడు లిండ్‌గ్రెన్.

వెర్నా ఫోన్లో చెప్పినట్టే, నర్సు బండి నిలబడ్డ చోటల్లా మలుపు తిరిగింది. మోకాళ్లదాకా బురదతో వచ్చి, చేతులు కడుక్కుని లోపలికి దూరింది. సాయంత్రమవకముందే బిడ్డ కేరుమంది. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. వెర్నా రేడియో తీసి, ఆ ఏడుపు అందరికీ వినిపించేలా తలుపు దగ్గర పట్టుకుంది.

ముందు బడి వైపునుంచి హారన్ మోగింది. తర్వాత చర్చి వైపునుంచి. ఆ తర్వాత చావిడి దగ్గర లిండ్‌గ్రెన్ ఇక ఆపడేమో అన్నట్టు మోగించాడు. ఆ దిక్కులనుంచి ఇంత సందడి విని వెర్నాకు ఎన్నేళ్లయిందో. ఆనందం పట్టలేక, వాకిట్లో నిలబడి ఏడుస్తూ నవ్వింది.