నాగవేణి నడుముకు కట్టిన టైరు

నేను ఒక జీపు టైరుని. అచ్చులో ఉడికి, నల్లగా నిగనిగలాడుతూ పుట్టాను. మొదట ఒక కాంట్రాక్టరు దగ్గర తిరిగాను. ఆయన వేయించిన రోడ్ల గుంతల్లోనే పడి, ఆయన చేతే తిట్లు తిన్నాను. తరువాత ఒక పాలవ్యాపారి దగ్గర నున్నగా అరిగి, మదనపల్లెలో పంక్చరు షాపు ముందు పడ్డాను. ఆడపిల్లల హైస్కూలు డ్రిల్లు మాస్టరు జకరయ్య సారు నన్ను మోసుకుపోయి, తాడు కట్టి, తొమ్మిదో తరగతి నాగవేణి నడుముకు తగిలించాడు.

"దీన్ని లాగుతా పరుగెత్తమ్మా. కాళ్లకు బలమొస్తుంది."

ఆ స్కూల్లోనే ఇంకో డ్రిల్లు టీచరు సుగుణకుమారి మేడంకు నేనంటే గిట్టదు. "టైరు లాగితే ఎద్దవుతుంది గానీ లేడి కాదు సార్. గుట్ట ఎక్కి పరుగెత్తాల" అని, నాగవేణి స్నేహితురాలు ముబీనాను రోజూ స్కూలు వెనక గుట్టకు తీసుకుపోయేది. జిల్లా పోటీల్లో వంద మీటర్లకు ఒక్కరికే చోటు. ఎవరి పద్ధతి గొప్పదో తేల్చుకుందామని పెద్దలిద్దరూ పంతం పట్టారు. పరుగు మాత్రం పిల్లలది!

మొదట్లో నాగవేణి నన్ను కాస్త దూరం ఈడ్చి కూలబడేది. పోనుపోను తాడు తెగుతుందేమోనని నాకే భయమేసింది.

ఎంపిక రోజు ఈల మోగగానే నాగవేణి దూసుకుపోయింది. సారు తువ్వాలు గాల్లో తిప్పాడు. సగం దాటాక ముబీనా అందుకుంది. వెంట్రుకవాసిలో గెలిచింది. నాగవేణి ఒక్క క్షణం తల దించుకుంది. మరుక్షణం స్నేహితురాలిని ఎత్తి గిరగిరా తిప్పేసింది.

"చూసినారా, గుట్టే గెలిచింది!" అంది మేడం.

ముబీనా రొప్పుతూనే అంది, "ఆదివారాలు నేను టైరు గూడా లాగినాను మేడం."

"నేను గుట్ట ఎక్కినాను సార్. ఇద్దరం మార్చుకున్నాం" అని నాగవేణి నాలుక కరుచుకుంది.

సారు పగలబడి నవ్వాడు. మేడం కొంగు అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. "బయలుదేరేటప్పటి ఊపు మీ టైరుది, చివరిదాకా పట్టు నా గుట్టది. ఒప్పుకుంటారా?" అంది. సారు ఒప్పుకున్నాడు. మరుసటి రోజు నుంచి పిల్లలందరికీ రెండూ తప్పలేదు. జిల్లా పోటీల్లో ముబీనా పతకం తెచ్చింది. రిలేలో మొదటి పరుగు నాగవేణిదే.

ఇప్పుడు నా అంచులు చీలాయి. గ్రౌండు గోడ పక్కన పడి ఉన్నాను. పిల్లలు నా మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటారు. వాళ్లు గీత దగ్గర వంగి నిలబడితే నేనూ ఊపిరి బిగబడతాను, నాలో గాలే లేదన్న సంగతి మరిచిపోయి.