మూడో అంతస్తు గుమ్మం ముందు బూట్లు

ఆనంద్ కుమార్ పొద్దున ఆరింటికల్లా బండి తీస్తాడు. ఇంటింటికీ పోయి, పరగడుపున కూర్చున్నవాళ్ల రక్తం తీసి ల్యాబుకు చేర్చడం అతని పని. ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా మెట్రో పిల్లర్ల నీడలోనే అతని బతుకు. నిరుడు ఒక ఆటో రాసుకుపోయి చీలమండ వాచాక రైడింగ్ బూట్లు కొన్నాడు. మంచి బూట్లే. గేరు తగిలే చోట రబ్బరు బిళ్ల, చీలమండకు రెండు పక్కలా గట్టి డిప్పలు, వేళ్ల మీద రాయిలాంటి మూత. వానలో సాక్సు తడవలేదు. ఎండలో మాత్రం పాదాలు ఉడికిన ఆలుగడ్డలే. అసలు కష్టం వేరే ఉంది. రోజుకు పద్దెనిమిది ఇళ్లు. ప్రతి గడప ముందూ రెండు బకిళ్లు, ఒక జిప్పు విప్పాలి, మళ్లీ వేయాలి. బూట్లతో లోపలికి రానిచ్చే ఇల్లు ఆ దారిలో ఇంకా కట్టలేదు.

రెండింటికి ఇల్లు చేరి, తిని పడుకుంటాడు. మూడింటికి బూట్లు లేచి, వాటి మానాన అవి మెట్లు దిగి పోతాయి.

కింద ఇస్త్రీ చేసే సుందరయ్య, కాళ్లకు అడ్డమొస్తున్నాయని ఒకసారి విసుక్కున్నాడు, అంతే. ఆనంద్ తల్లి కిష్టమ్మకైతే, వాటికి చేతులు కూడా ఉంటే వస్తూ వస్తూ కొత్తిమీర తెచ్చేవి కదా అని బాధ.

ఆనంద్ భార్య జోస్నాకు బూట్లు నడవడం మీద అనుమానం లేదు. ఎక్కడికి నడుస్తున్నాయన్నదే అనుమానం. చెప్పు తనకు అలవాటైన గడపకే పోతుందని ఆమె నమ్మకం. అలా పోవడం మొదలై మూడు వారాలు, ఒక్క మధ్యాహ్నం తప్పలేదు. ఆరింటికి తిరిగొచ్చి గోడ పక్కన ఒద్దికగా నిలబడతాయి. ఆ ఒద్దికే ఆమెకు నచ్చలేదు. తప్పు చేసిన మొగోడే అంత ఒద్దికగా ఇంటికొస్తాడు. వాసన చూసింది. ఫినాయిల్‌తో కడిగిన మెట్ల వాసన. తమ మెట్లు ఫినాయిల్ మొహం చూసి ఏడాదయింది.

మొగుణ్ణి అడిగితే, "గవి యాడికి పోతయో నాకేమెరుక? నేను పండుకుంట గదా," అని అటు తిరిగి పడుకున్నాడు. నిజం చెప్పేవాడు అటు తిరగడు.

శుక్రవారం ఆమె బట్టలు సర్దింది. ఆ గడపలో ఆడమనిషి కనబడితే, బిడ్డను తీసుకుని చౌటుప్పల్‌లో తల్లి దగ్గరికి పోవడమే. అత్తకు మొహం మీదే చెప్పింది. చూసొచ్చినాక పోదువుగానీ, అన్నం తిని పో అంది కిష్టమ్మ.

ఆనంద్ గురక పెడుతుండగా ఆమె బూట్ల వెనకాల బయల్దేరింది. అవి రోడ్డుకు ఎడమ పక్కనే నడిచాయి. సిగ్నల్ పడితే ఆగాయి, మనుషులే ఆగలేదు. కొత్తపేట రైతుబజారు దాటి, ఒక సందులో తిరిగి, మూడంతస్తులెక్కి, పై గుమ్మం ముందు ముక్కులు మెట్ల వైపు పెట్టి నిలబడ్డాయి.

తలుపు తీసింది ఇరవై నాలుగేళ్ల పిల్ల. జోస్నా తిట్లన్నీ నాలుక మీద వరసగా పేర్చుకుని ఉంది. ఆ పిల్ల బూట్లను చూసి, ఆమెను చూసి, "అక్కా, వీటిని తీస్కపోనీకి వచ్చినవా?" అంది. గొంతు వణికింది. దొరికిపోయినవాళ్ల వణుకు జోస్నాకు తెలుసు. ఇది ఆ రకం కాదు.

పేరు మౌనిక. నల్లగొండ పక్క ఊరి నుంచి ఉద్యోగ పరీక్షకు చదవడానికి వచ్చి, ఒంటరిగా కిరాయికుంటోంది. ఇంటి ఓనరు బామ్మర్ది మధ్యాహ్నాలు, ఒకనాడు నీళ్ల మోటరని, ఒకనాడు మీటరని వచ్చి తలుపు కొడతాడు. జ్వరమొచ్చి రక్తపరీక్షకు పిలిచిన పొద్దున కూడా వచ్చాడు. గుమ్మంలో ఆనంద్ విప్పిన బూట్లు చూసి వెనక్కి తిరిగాడు. మర్నాటి నుంచి బూట్లు వాటంతటవే వచ్చి నిలబడుతున్నాయి. కానీ నిన్న అతను మెట్ల మీద నిలబడి, బూట్లున్నయి గానీ మొగ గొంతు ఇనపడదేందని గట్టిగా అడిగాడట. పుస్తకాలు అట్టపెట్టెలో కట్టేసి ఉన్నాయి. పరీక్ష ఇరవై రోజుల్లో ఉంది. ఊరికి పోతే అది పోయినట్టే.

జోస్నా వెంటనే నమ్మలేదు. బాత్రూం తలుపు తోసి చూసింది. మంచం కింద చూసింది. అప్పుడే మెట్ల మీద తాళాలగుత్తి చప్పుడైంది. మౌనిక గోడకు అంటుకుపోయింది.

తలుపు సందులోంచి జోస్నాకు జుట్టుకు రంగేసుకున్న నడివయసు మనిషి కనబడ్డాడు. అతను తలుపుకు చెవి ఆనించి విన్నాడు. తర్వాత ఒక బూటును చెప్పుకాలితో తన్నాడు. బూటు కదల్లేదు. అతనే బొటనవేలు పట్టుకుని గోడకు ఒరిగాడు.

జోస్నా తలుపు సగం తీసి అడ్డంగా నిలబడింది.

"ఏందయ్యా, మా ఆయన బూట్లను తంతున్నవ్? లోపల పండుకున్నడు. లేపాల్నా?"

నువ్వెవరని అతను నసిగాడు.

"ఈ పిల్లకు అక్కను. మా ఆయన రోజు పగటిపూట ఈడ్నే పంటడు. మీ అక్కను గూడ పిలువు, అందరం కూసోని మాట్లాడదం."

అతను మడమ మీద కుంటుకుంటూ దిగిపోయాడు. అప్పుడు జోస్నాకు తెలిసొచ్చింది. ఎవరి నోటైనా వింటే సంసారం కూలిపోతుందని మూడు వారాలు భయపడిన మాట, తన నోటితోనే మూడంతస్తులకూ వినపడేలా అనేసింది.

మౌనిక అట్టపెట్టె తాడు విప్పడం మొదలుపెట్టింది. ముడి రాకపోతే జోస్నా పళ్లతో లాగింది.

బయట, తన్నిన చోట బూటుకు మట్టి అంటింది. ఆమె కొంగుతో తుడిచి, రెండింటినీ గుమ్మానికి ఇంకో జానెడు దగ్గరగా జరిపి, ఒట్టి చేతులతో మెట్లు దిగింది.