ఇద్దరి బరువు

పెద్ద అంబర్‌పేట్ గోడౌన్‌లో లారీకి ఆనించిన చెక్క మీద బక్కయ్య కూలిపోయాడు. వీపు మీది తొంభై కిలోల బట్టల బేలు పక్కకు దొర్లింది. లేవబోతే ఎడమ కాలు కదల్లేదు.

కాంట్రాక్టర్ గంగాధరరావు పరుగున వచ్చి ముందు బేలును చూశాడు.

"మోకాళ్లు వంచి ఎత్తమని గోడకి బొమ్మ అతికించాం. నడుముకి బెల్టులిచ్చాం. ఇంకేం చెయ్యమంటారయ్యా? మధుని చూసి నేర్చుకోండి!"

నలభై మంది హమాలీలు మధు వైపు తిరిగారు. గోడౌన్ మొత్తంలో అతనంత బలిష్ఠుడు లేడు. ఎప్పుడూ ఆ మెప్పుకు ఛాతీ విరుచుకునేవాడు, ఈ రోజు తల దించుకున్నాడు. బక్కయ్యను ఆటోలో దవాఖానకు తీసుకుపోయింది అతనే.

"వెన్నుపూసల మధ్య దిండులాంటిది ఉంటుంది" అంది డాక్టరమ్మ. "రోజూ ఇంత బరువు పడితే అది జారి నరాన్ని నొక్కుతుంది. బెల్టు కడితే బరువు తగ్గదు." మధును ఎగాదిగా చూసింది. "నువ్వూ ఇదే పనా? పొద్దున లేవగానే వంగి చెప్పులు తొడుక్కోగలవా?"

మధు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు.

ఆదివారం మీర్‌పేట్‌లో బక్కయ్య కిరాయి ఇంటి ముందు హమాలీలందరూ కూడారు. పెద్ద హమాలీ ఆనందం లేచాడు.

"అరవై కిలోల బేలు తొంభై ఎట్లయిందిరా? మధుగాడు ఎత్తుతుండు, మీకేమైంది అని గాదు? మధూ, నిన్ను జూపెట్టే కాంట్రాక్టరు మా నడుములు ఇరగ్గొడుతుండు!"

"అయితే నాకు బలముండుడే తప్పా అన్నా?" మధు మీదికొచ్చాడు.

బక్కయ్యను పక్కకు ఒత్తిగిలిస్తున్న అతని భార్య సుమిత్రమ్మ లోపలినుంచే అంది: "తప్పు గాదు బిడ్డా. మీ కాక గూడ నీ ఈడుల గట్లనే ఎత్తేటోడు."

మధు గోడకు చేరగిలబడ్డాడు.

"రెండు నెలల సంది నడుం నొప్పికి గోలీలేసుకొని ఎత్తుతున్న. ఎవ్వలకు చెప్పలే. సిగ్గయింది."

"నేను గూడ" అన్నాడొకడు. "నేను ఏడాది సంది" అన్నాడింకొకడు. ఒక్కొక్కరే ఒప్పుకుంటుంటే ఆనందానికి మధు మీదున్న కోపం గంగాధరరావు మీదికి మళ్లింది. ఆ పూటే తీర్మానమైంది: బేలుకు ఇద్దరు.

సోమవారం పొద్దున ఆ సంగతి తెలిసిన గంగాధరరావు మధు భుజం మీద చెయ్యేశాడు. "నిన్ను మేస్త్రీని చేస్తా. ఒక్కడివే ఎత్తి వీళ్లకి చూపించు."

మధు బేలు దగ్గరకు నడిచాడు. వంగాడు. "ఆనందమన్నా, అటు దిక్కు పట్టు."

ఇద్దరూ మోసి లారీలో పెట్టారు.

"ఒక్కడివే అన్నాను!"

"ఇగ ఒక్కడు ఎత్తడు సార్."

ప్రతి బేలు దగ్గరా ఇద్దరిద్దరు నిలబడ్డారు. గంగాధరరావు ఫోన్ తీశాడు. గంటలో పోలీసు బండి వచ్చింది. దాని వెనకే ఎల్‌బీ నగర్ అడ్డా నుంచి కొత్త కూలీల ఆటోలు.

"పని ఆపించింది ఎవడు?" ఎస్‌ఐ అరిచాడు. గంగాధరరావు వేలు చూపించాడు. మధును రెక్క పట్టి బండెక్కించారు. నడుము కలుక్కుమన్నా మధు మొహంలో కనబడనివ్వలేదు. హమాలీలంతా బేళ్ల పక్కనే నేల మీద కూర్చున్నారు.

కొత్తగా వచ్చినవాళ్లలో సాయినాథ్ అనేవాడు ఆటో దిగి బేలును కాలితో కదిపి చూశాడు.

"ఎంత బరువే గిది?"

"తొంభై" అన్నాడు ఆనందం.

"ఇద్దరికా?"

"ఒక్కనికి."

సాయినాథ్ తన వాళ్ల వైపు తిరిగాడు. అతను తువ్వాలు పరిచి హమాలీల పక్కన కూర్చుంటే, ఆటోలు ఒకదాని వెనక ఒకటి ఖాళీ అయ్యాయి. పోలీసు బండి కిటికీ జాలీలోంచి మధు వాళ్లను లెక్కపెట్టబోయాడు. నేల మీద కూర్చునేవాళ్లు ఇంకా వస్తూనే ఉన్నారు.