విమానంలో ఇచ్చిన మాట

విమానం ఎక్కి కూర్చోగానే నిద్రపోవడం, నేను గర్వంగా చెప్పుకునే ఒకే ఒక్క విద్య. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఇంజనీరుని. వారం తిరిగేసరికి ఏదో ఒక ఊళ్లో లిఫ్టు మొండికేస్తుంది, నేను విమానమెక్కుతాను. ఎక్కగానే ఫోను ఆపేసి, కళ్లకు గంతలు కట్టుకుని, దిగేటప్పటి కుదుపుకి లేచి, అందరికంటే ముందు బ్యాగు అందుకుని తలుపు దగ్గరుంటాను. తలుపు మూసేదాకా ఫోన్లో ముచ్చట్లాడే జనాన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ రోజూ అదే చేశాను. అది అక్క ఆపరేషన్ రోజు.

అక్క గొంతులో గడ్డ. స్వరపేటిక మొత్తం తీసేయాల్సిందేనని డాక్టరు తేల్చేశాడు. ఆ తర్వాత ఇక మాట ఉండదు. పసిపిల్లల బడి నడిపే మనిషి ఆమె. అమ్మ పోయాక నన్ను పెంచింది, తిట్టింది, నిద్రపుచ్చింది ఆ గొంతే.

"లోపలికి తీసుకెళ్లే ముందు నీతో ఒక మాట చెప్పాలిరా. రాత్రి బస్సుకే వచ్చేయ్" అని ముందురోజే ఫోన్లో అంది.

"ఇంకా బస్సులేంటక్కా? పొద్దున్నే విమానమెక్కితే, కునుకు తీసి లేచేసరికి నీ ముందుంటాను" అని కొట్టిపారేశాను.

కుదుపుకి మెలకువొచ్చింది. అలవాటుగా బెల్టు విప్పి, లేచి, పైనున్న బ్యాగు లాగాను. వెనకెవరో కిసుక్కున నవ్వారు. కిటికీ పక్కనున్న పెద్దాయన నన్ను వింతగా చూశాడు.

"ఎక్కడికి బాబూ? మనమింకా బయల్దేరలేదు."

"ఇప్పుడే కుదిపిందిగా?"

"కిందేదో సామాను ఎక్కిస్తున్నారు. ఇంజన్లో తేడా అని ఎప్పట్నుంచో ఇక్కడే పడున్నాం. కావాలంటే ఫోన్లు చేసుకోమని కూడా చెప్పారు. నువ్వేమో మాంచి నిద్రలో ఉన్నావు, లేపడమెందుకులే అని ఊరుకున్నా."

కిటికీలోంచి చూస్తే నేను ఎక్కొచ్చిన మెట్లబండి అక్కడే ఉంది. ఫోను ఆన్ చేస్తే అన్నీ బావ చేసిన కాల్సే.

"ఎక్కడ చచ్చావురా?" బావ ఫోనెత్తుతూనే అరిచాడు. "ముందున్న ఆపరేషన్ రద్దయిందని మీ అక్కని తొందరగా తీసుకెళ్లిపోతున్నారు. థియేటర్ తలుపు దగ్గరున్నాం. నీతో మాట్లాడందే లోపలికి వెళ్లనని నర్సుతో పోట్లాడుతోంది. ఉండు, ఇస్తున్నా."

"చిన్నోడా." అప్పటికే బొంగురుపోయిన గొంతు, అయినా అక్క గొంతే. "దగ్గర్లేవని ఏడవకు. ఒక్కటే అడుగుతా, కాదనకూడదు..."

సరిగ్గా అప్పుడే నా నెత్తిమీది స్పీకరు నోరు తెరిచింది. ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నారు. సీటు బెల్టు ఎలా పెట్టుకోవాలో చెబుతున్నారు. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలను ఆ పాఠం. రెండో చెవిని వేలితో మూసుకుని, మోకాళ్ల మధ్య తల దూర్చి, ఫోను చెవిలోకి గుచ్చుకున్నాను. స్పీకరు ఊపిరి పీల్చుకున్న సందులో అక్క చివరి మాట వినిపించింది.

"...సరేనా?"

ఇంకోసారి చెప్పక్కా అని నోటిదాకా వచ్చింది. అవతల నర్సు "టైం లేదమ్మా, ఫోనివ్వండి" అంటోంది. ఆ తలుపు ముందు పడుకున్న మనిషికి కాదని ఎవడు చెప్పగలడు?

"సరే అక్కా" అన్నాను. "నువ్వెలా అంటే అలాగే."

"నా బంగారం" అంది. లైను తెగిపోయింది. మళ్లీ కలపబోతే ఎయిర్ హోస్టెస్ వచ్చి నిలబడింది.

"ఒక్క నిమిషమమ్మా. మా అక్క..."

"సార్, మీరెప్పుడూ వచ్చేవారే కదా. మీకు తెలియనిదేముంది?" అంది నవ్వుతూ.

విమానం లేచింది. నిద్ర ఎక్కడికి పోయిందో పోయింది. ఏమడిగి ఉంటుంది? బావని చూసుకోమందా? బడి మూతపడకుండా చూడమందా? నేను ఇంటి గడప తొక్కనివ్వని మా ఆఖరి తమ్ముడితో రాజీపడమందా? వాడి పేరెత్తితేనే నాకు మంట, అక్కకి తెలుసు. పక్కన పెద్దాయన బిస్కెట్టు ఇవ్వబోతే తల అడ్డంగా ఊపాను. బావ వినే ఉంటాడు, అడిగి తెలుసుకోవచ్చని గుండె చిక్కబట్టుకున్నాను.

ఆస్పత్రి వరండాలో బావ నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఇంతకీ ఏమడిగిందిరా? ఫోను చేతికిచ్చాక నన్ను దూరంగా జరగమంది. నువ్వు సరే అన్నావని ఒకటే సంబరం. నవ్వుకుంటూ లోపలికెళ్లింది, నమ్ముతావా?" అని కళ్లు తుడుచుకున్నాడు.

ఏం చెప్పను? "తర్వాత చెబుతా బావా" అన్నాను. నాకు ఏడుపు ఆగలేదు.

సాయంత్రం అక్క కళ్లు తెరిచింది. మెడ నిండా కట్లు, మధ్యలో గొట్టం. నిజం చెప్పేద్దామనే మంచం దగ్గరకెళ్లాను. నన్ను చూడగానే ఆ మొహం వెలిగింది. నర్సు ఇచ్చిన పలక మీద, పిల్లలకి రాసిచ్చినట్టు పెద్ద పెద్ద అక్షరాలు రాసింది.

"మాట తప్పవుగా?"

"తప్పను అక్కా" అన్నాను.

అక్క నా చెయ్యి పట్టుకుని, నిశ్చింతగా కళ్లు మూసుకుంది.